పొగ చచ్చిన బొగ్గు

1948 జూన్ 7, సోమవారం పొద్దున ఏడు గంటలకు పట్నం పక్కన రాయదుర్గంలో నర్సింహ అనే రైతు నాగలి కర్రు మొదటి చాలులోనే విరిగింది. ఇనుప కర్రు కొనకు అతికిన ఉక్కు ముక్క ఊడి మట్టిలో ఉండిపోయింది. నర్సింహ ఎద్దులను ఆపి, చేతులతో తవ్వి దాన్ని తీశాడు. ముక్క నాలుగు వేళ్ల పొడవుంది. కర్రునూ ముక్కనూ తువ్వాలలో మూటగట్టుకొని కొలిమి వైపు నడిచాడు.

ఆ కర్రు కొట్టి నాలుగు రోజులయింది. కొట్టినవాడు లింగమూర్తి, వయసు ముప్పై నాలుగు. ఊరికి వచ్చి అప్పటికి మూడు నెలలు.

లింగమూర్తిది జనగామ అవతలి ఊరు. అక్కడ కమ్మరి పని చేసేవాడు. ఫిబ్రవరిలో ఒక రోజు తుపాకులు పట్టుకొని వచ్చినవాళ్లు, బరిసెలు కొట్టి ఇస్తున్నావని అతని కొలిమికి నిప్పు పెట్టారు. వాళ్లు ఎవరో అతను రాయదుర్గంలో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు తిత్తి ఊదుతున్న తమ్ముడు మళ్లీ కనపడలేదు. లింగమూర్తి, భార్య రుక్కమ్మ కలిసి కాచిన ఇనుమును పెట్టి కొట్టే ఒక ఇనుప దాగలి, రెండు సుత్తెలు, ఒక పట్టకారు బండిలో వేసుకొని ఐదు రోజులు ప్రయాణం చేసి రుక్కమ్మ పుట్టిన ఊరు చేరారు.

రుక్కమ్మ తండ్రి రాయదుర్గం కమ్మరి. చనిపోయి నాలుగేళ్లయింది. కొడుకులు లేరు. కొలిమి కప్పు కూలిపోయింది. పనిముట్లు పాలివాళ్లు పట్టుకెళ్లారు. ఇంట్లో తల్లి బుచ్చమ్మ ఒక్కతే ఉంది. ఊళ్లో ముప్పై ఒక్క నాగళ్లున్నాయి. నాలుగేళ్లుగా వాటి కర్రులు పక్క ఊరు నార్సింగి కమ్మరి వెంకటనారాయణ దగ్గరికి పోతున్నాయి.

ఉగాది మర్నాడు పటేలు రామచంద్రం లింగమూర్తిని చావడికి పిలిపించాడు.

"మిరుగం లోపల ముప్పై ఒక్క కర్రు కొట్టియ్యాలె. నేలల నిలబడాలె. నిలబడితే కోతలైనంక నిన్ను కల్లం కాడికి పిలుస్తం. లేకుంటే వెంకటనారాయణ చిన్నకొడుకు వస్తనంటున్నడు."

మిరుగమంటే తొలకరి దుక్కులు మొదలయ్యే మృగశిర కార్తె. కల్లం దగ్గరికి పిలవడమంటే ఊరి కమ్మరిగా ఒప్పుకోవడం. పిలుపు అందినవాడికి నాగలికి ఇంత అని గింజలు, ఊళ్లో ఇంటి జాగా దక్కుతాయి. అందనివాడు బతకవచ్చినవాడిగానే ఉండి, ఏదో ఒక రోజు వెళ్లిపోతాడు.

"బొగ్గు యాడికెళ్లి తెస్తవు?" అని పటేలు అడిగాడు.

"తుమ్మ బొగ్గే కాలుస్త పటేలా. ఇంకోటి ముట్ట."

ఈ మాట చావడిలో పదిమంది విన్నారు.

కొలిమి కట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. మొదట గుండం చుట్టూ గుట్ట మీది రాయి పేర్చాడు. రెండో రోజు వేడికి రాయి పగిలింది. పెచ్చు ఎగిరి రుక్కమ్మ మోచేతికి తగిలింది. రాయంతా తీసేసి, పుట్టమన్ను తెచ్చి, జొన్నపొట్టు కలిపి తొక్కి, గుండం మళ్లీ కట్టాడు. తిత్తి గాలి గుండంలోకి పోయే గొట్టాన్ని అదే మట్టితో చేసి పిడకల్లో కాల్చాడు. మొదటి రెండు గొట్టాలు బీటలిచ్చాయి. మూడోది నిలిచింది. తిత్తికి మేకతోళ్లు రెండు కావలసి వచ్చాయి. బుచ్చమ్మ తన మేకలను ఇచ్చింది. తంగేడు చెక్క వేసి తోళ్లు ఊనబెట్టారు.

కొత్త కొలిమికి నిప్పు పాత కొలిమి నుంచి తేవాలని వాళ్లలో ఆచారం. రుక్కమ్మ కుండ పట్టుకొని నార్సింగి పోయింది. వెంకటనారాయణ నిప్పులు ఇచ్చాడు. దారిలో గాలి లేచింది. ఇంటికి వచ్చి మూత తీస్తే బూడిద ఉంది. బుచ్చమ్మ అగ్గిపెట్టె తెచ్చింది. దానితోనే కొలిమి రాజేశారు.

బండిని మాత్రం లింగమూర్తి ఇంటి వెనక్కి చేర్చనివ్వలేదు. అది వాకిట్లో, కాడి కట్టే నొగలు బాట వైపు పెట్టి ఉండేది. అందులో ఒక జొన్నల బస్తా, ఒక వంట బోకె, రెండు గొంగళ్లు ఎప్పుడూ సర్ది ఉంచేవాడు. బస్తాలో జొన్నలు తగ్గితే ముందు దాన్ని నింపి, తర్వాత ఇంట్లో కుండ నింపేవారు.

"బిడ్డా, ఇల్లు వాకిట్ల ఉన్నదా, బండిల ఉన్నదా?" అని బుచ్చమ్మ కూతురిని అడిగింది.

"ఆయన నిద్రపోవాలంటే బండి గట్లనే ఉండాలె అవ్వా" అంది రుక్కమ్మ.

బొగ్గు ఏప్రిల్ చివరి దాకా దొరికింది. బొగ్గుల బండ్లు వికారాబాద్ అడవి నుంచి నార్సింగి మీదుగా పట్నం పోయేవి. సంస్థానంలోకి సరుకులు ఆపేశారు గనుక ఆ ఎండాకాలం పట్నానికి పెట్రోలు రావడం లేదు. బస్సుల వెనక పొయ్యి బిగించి బొగ్గు గ్యాసుతో నడుపుతున్నారు. మే మొదటి వారానికి బొగ్గుల బండ్లు దారిలో ఆగడం మానేశాయి. లింగమూర్తి నార్సింగి బాట మీద మూడు రోజులు నిలబడ్డాడు. ఒక బండివాడు మాత్రం మాట్లాడాడు.

"తమ్మీ, గీ బొగ్గు బస్సు తింటది. నీ ఎద్దు వచ్చి అడిగినా ఇయ్య" అన్నాడు.

ఊరి చుట్టూ ఉన్న తుమ్మలు పటేలువి, జాగీరువి. కొట్టనివ్వరు. లింగమూర్తి వేప కాల్చి చూశాడు. ఆ బొగ్గు తొందరగా బూడిదైంది, ఇనుము ఎరుపు దాటలేదు. చింత వేర్లు కాల్చి చూశాడు. నిప్పురవ్వలు లేచి కప్పు మీద పడ్డాయి. పిడకలతో కొడవళ్లు వంచవచ్చు. ఉక్కు అతకడానికి ఆ వేడి చాలదు. అతుకు పడాలంటే ఇనుమూ ఉక్కూ తెల్లబడే దాకా కాగాలి. ఆ వేడి తుమ్మ బొగ్గు ఇస్తుంది. రాతిబొగ్గు కూడా ఇస్తుంది.

రాతిబొగ్గు హఫీజ్‌పేట స్టేషన్ దగ్గర ఉంది. ఇంజన్లు దులిపిన బూడిదలో కాలీకాలని ముక్కలను ఆడవాళ్లు ఏరుకొని పొయ్యిలోకి తీసుకుపోయేవారు. లింగమూర్తి తండ్రి దాన్ని కొలిమి గడప దాటనివ్వలేదు. రాతిబొగ్గులో గంధకం ఉంటుందని, అతుకులోకి పోయి కూర్చుంటుందని చెప్పేవాడు. ఈ సంగతి లింగమూర్తికి తెలుసు. రుక్కమ్మకు తెలియదు. ఫిబ్రవరి దాకా ఆమె కొలిమిలో పని చేయలేదు.

జూన్ 1న గంపలో బొగ్గు అడుగుకు వచ్చింది. అప్పటికి ఇరవై ఆరు కర్రులయ్యాయి. ఆ రోజు రుక్కమ్మ హఫీజ్‌పేట పోయి ఒక సంచి రాతిబొగ్గు ఏరుకొచ్చింది. ఇంటి వెనక కుప్ప పోసి అంటించింది. పొగ పచ్చగా లేచింది. వాసనకు బుచ్చమ్మ ముక్కుకు కొంగు కట్టుకొని వచ్చింది.

"ఏందే గిది?"

"బొగ్గు చేస్తున్న. నువ్వే చెప్పినవు గదా."

బుచ్చమ్మ చెప్పినది కట్టె గురించి. కట్టెను మట్టి కప్పి కాలిస్తే మొదట తెల్ల పొగ వస్తుంది, తర్వాత నీలం పొగ, తర్వాత ఏమీ రాదు. అప్పుడు మట్టి తీయాలి. పొగ చస్తేనే బొగ్గు అని కమ్మరిళ్లలో మాట. చిన్నప్పుడు తండ్రి బొగ్గు కాల్చేటప్పుడు, పొగ చచ్చిందా లేదా చూసి చెప్పడం రుక్కమ్మ పని. రాతిబొగ్గుకూ అంతేనని ఆమె అనుకుంది. సాయంత్రానికి పొగ ఆగింది. ఆమె నీళ్లు చల్లి, ముక్కలు కొట్టి, గంపలో అడుగున ఉన్న తుమ్మ బొగ్గుతో కలిపింది.

జూన్ 3న లింగమూర్తి ఆ గంపతో మూడు కర్రులు అతికాడు. మొదటిది పటేలుది. రెండోది మంగలి ఇంటి పక్కన ఉండే కనకలక్ష్మిది. మూడోది నర్సింహది. మొదటి కర్రు గుండంలో ఉండగానే అతనికి వాసన తెలిసింది. తిత్తి ఆపమనలేదు. గంపలోకి చూడలేదు. రుక్కమ్మను ఏమీ అడగలేదు. మిరుగానికి ఐదు రోజులుంది.

సోమవారం నర్సింహ మూట విప్పి దాగలి మీద పెట్టినప్పుడు రుక్కమ్మ తిత్తి దగ్గర ఉంది.

"బావా, నీ కర్రుకు సిగ్గెక్కువ. నేల కనపడంగనే తల దించుకున్నది" అన్నాడు నర్సింహ. రుక్కమ్మ ఊరి ఆడపడుచు కాబట్టి అతను లింగమూర్తిని బావా అంటాడు.

లింగమూర్తి ముక్కను వెలుతురుకు తిప్పి చూశాడు. అతుకు పడాల్సిన చోట నల్ల చార ఉంది.

"వేరేది కొట్టి ఇస్త."

"ఎప్పుడు? నేల పదును ఆరిపోతే నేను ఏం దున్నాలె, బండనా? నేను చావడికి పోతున్న. ఏమనుకోకు అక్కా" అని రుక్కమ్మతో అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చావడిలో పాతికమంది దాకా పోగయ్యారు. పటేలు నార్సింగికి మనిషిని పంపి వెంకటనారాయణను రప్పించాడు. లింగమూర్తి గోడ దగ్గర నిలబడ్డాడు. రుక్కమ్మ, బుచ్చమ్మ మెట్ల కింద ఉన్నారు.

మొదట ఒక ముసలాయన మాట్లాడాడు. కొలిమి అగ్గిపుల్లతో అంటించారని, పాత నిప్పు లేని కొలిమిలో కర్రు ఎట్లా నిలుస్తుందని అడిగాడు. కొందరు అవునన్నారు. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"తిత్తి ఊదేది ఆడమనిషి. ముట్టు దినాలల్ల పట్టిందేమో అడుగుండ్రి."

మెట్ల కింది నుంచి రుక్కమ్మ జవాబిచ్చింది.

"తాతా, మీ ఇంట్ల పొయ్యి ఊదేది గూడ ఆడమనిషే. బువ్వ ఎన్నడన్న విరిగిందా?"

వెనక ఎవరో నవ్వారు. పటేలు చెయ్యెత్తాడు.

వెంకటనారాయణకు అరవై ఏళ్లు. లింగమూర్తి ఓడిపోతే ఈ ఊరి పని ఆయన చిన్నకొడుకుకు వస్తుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆయన రెండు ముక్కలూ తీసుకొని చావడి బయటికి, ఎండలోకి పోయాడు. విరిగిన చోటును వేలితో గీకాడు. వాసన చూశాడు. లోపలికి వచ్చాడు.

"అగ్గిపుల్ల తప్పు గాదు. నిప్పు నేనే ఇచ్చిన, దారిల చచ్చింది. అగ్గికి కులం లేదు. ఆడమనిషి తప్పు గూడ గాదు. నా పెండ్లాం ఇరవై ఏండ్లు ఊదింది. గాలి తక్కువైతే అతుకు పడనే పడదు. ఇది పడ్డట్టు కనపడి ఊడింది. ఇది బొగ్గు తప్పు." ఆయన లింగమూర్తి వైపు తిరిగాడు. "తమ్మీ, ఏ బొగ్గు ఏసినవు?"

లింగమూర్తి గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చాడు. తుమ్మ బొగ్గు తప్ప ఇంకోటి ముట్టనని అన్నది ఈ చావడిలోనే.

"రాతిబొగ్గు. నేనే ఏసిన" అన్నాడు.

"ఆయన గాదు మామా" అంది రుక్కమ్మ. మెట్లెక్కి పైకి వచ్చింది. "నేను కలిపిన. పొగ చచ్చేదాక కాల్చిన. పొగ చచ్చింది, ఇగ అది బొగ్గే అనుకున్న."

వెంకటనారాయణ ఆమెను చూశాడు.

"కట్టెకు పొగ చస్తే దోషం పోతది బిడ్డా. రాయికి పోదు. రాయి పొగను లోపల దాసుకుంటది."

"నాకు తెల్వదు."

"నాకు తెలుసు" అన్నాడు లింగమూర్తి. "వాసన తెలిసింది. తెలిసి కొట్టిన."

పటేలు అడిగాడు.

"అట్లాంటివి ఎన్ని ఉన్నయి?"

"మూడు. ఒకటి నర్సింహది. ఒకటి కనకలక్ష్మమ్మది." లింగమూర్తి ఆగాడు. "ఒకటి మీది, పటేలా."

పటేలు తన జీతగాణ్ని పంపాడు. కర్రు వచ్చింది. వెంకటనారాయణ దాన్ని మెట్టు రాయి మీద పెట్టి చిన్న సుత్తెతో మూడు దెబ్బలు కొట్టాడు. మూడో దెబ్బకు ఉక్కు ఊడింది.

"ఎనిమిది రోజులిస్తున్న" అన్నాడు పటేలు. "ఈ మూడు, ఇంక కొట్టనివి రెండు. ఐదు కర్రులు. తుమ్మ బొగ్గుతోని. వెంకటనారాయణ వచ్చి బొగ్గు చూస్తడు. కాకపోతే పదిహేనో తారీఖున ఆయన కొడుకు దాగలి దించుతడు. నీ దారి నువ్వు చూసుకో."

"మీ తుమ్మ ఒక్కటి కొట్టనిస్తే..." అని లింగమూర్తి మొదలుపెట్టాడు.

"పచ్చి తుమ్మ ఆరేటందుకే నెల పడతది. కొట్టి ఏం చేస్తవు?" అన్నాడు వెంకటనారాయణ. "ఎండిన తుమ్మ గావాలె. ఉన్నదా?"

లింగమూర్తి లేదన్నాడు. రుక్కమ్మ మెట్లు దిగి ఇంటి దారి పట్టింది.

ఇంటికి వచ్చాక ఆమె బండిలోని జొన్నల బస్తా దించింది. బోకె దించింది. గొంగళ్లు దులిపి గోడ మీద వేసింది. లింగమూర్తి అరుగు మీద కూర్చొని చూశాడు.

"ఏం చేస్తున్నవు?"

"చక్రాలు తుమ్మవి. కుంభాలు తుమ్మవి. నొగలు గూడ. మా మామ చేయించి పద్దెనిమిదేండ్లాయె. ఇంతకంటె ఎండిన తుమ్మ యాడ దొరుకుతది?"

"రేపు మళ్ల ఎవలన్న వస్తే?"

"రానీ."

"దేని మీద ఉరుకుదం రుక్కా? కాళ్ల మీదనా?"

"దాగలి మోసుకొని కాళ్ల మీద ఉరకలేవు. దాగలి ఇడిచి పోలేవు. నాకు తెల్వదా?" ఆమె చివరి గొంగడి తీసింది. "ఇప్పుడు బండి ఉంచుకుంటె పదిహేనో తారీఖు నాడు గీ బండి మీదనే పోతం. యాడికి పోతం చెప్పు. చెప్పితే ఉంచుత."

బుచ్చమ్మ ఇంట్లోంచి గొడ్డలి తెచ్చి అరుగు మీద పెట్టింది.

"అల్లునికి పిడి వదులుగ ఉన్నదని చెప్పు" అంది. అత్త కాబట్టి అల్లుడితో నేరుగా మాట్లాడదు.

మంగళవారం పొద్దున లింగమూర్తి చక్రాల ఇనుప పట్టాలు ఊడదీశాడు. చక్రాల అడ్డకర్రలైన ఆకులు, నడిమి కుంభాలు, నొగలు మూరెడు ముక్కలుగా నరికాడు. ఇంటి వెనక గుంత తవ్వి, ముక్కలు నిలువుగా పేర్చి, చెట్టు ఆకు, మట్టి కప్పారు. నాలుగు గంటలకు అంటించారు. ఎద్దులు పక్కనే కట్టేసి ఉన్నాయి.

బుధవారం తెల్ల పొగ వచ్చింది. మధ్యాహ్నం వాన పడింది. రుక్కమ్మ, బుచ్చమ్మ గుంత మీద గొంగళ్లు పట్టుకొని నిలబడ్డారు. బుధవారం రాత్రి పొగ నీలమైంది. గురువారం పది గంటలకు ఆగింది. శుక్రవారం మట్టి తీశారు. మూడు గంపల బొగ్గు వచ్చింది.

అదే రోజు వెంకటనారాయణ వచ్చాడు. ఒక ముక్క తీసి దాగలికి తాటించాడు. గాజులా మోగింది. విరిచి చూశాడు. లోపల కట్టె పొరలు కనపడ్డాయి. వాకిట్లో బండి ఉండే చోటు చూశాడు. మట్టిలో చక్రాల గాడి ఉంది.

"బండి కాల్చిన్రా?" అని అడిగాడు.

"అవును మామా."

"మీ నాయిన ఉంటే, చెప్పినా నమ్మకపోతుండె" అన్నాడు. తను తెచ్చిన వెలిగారం పొట్లం దాగలి మీద పెట్టి పోయాడు. అతుకు మీద చల్లే పొడి అది.

శనివారం, ఆదివారం కలిపి ఐదు కర్రులు అతికారు. ఉక్కు కొనలకు లింగమూర్తి దగ్గర మిగిలింది మూడింటికే సరిపోయింది. మిగతా రెండింటికి నర్సింహ ఒక పాత గడ్డపార తెచ్చి ఇచ్చాడు. తిత్తి రుక్కమ్మే పట్టింది. ఇనుము తెల్లబడిందని ఆమె చెప్పిన తర్వాతే లింగమూర్తి పట్టకారు వేశాడు. అంతకు ముందు ఆ మాట అతనే అనేవాడు.

జూన్ 14, సోమవారం పొద్దున నర్సింహ చెలకలో పటేలు, వెంకటనారాయణ, ఊరివాళ్లు నిలబడ్డారు. నర్సింహ కర్రు బిగించి మేడి పట్టాడు. మొదటి చాలు చివరిదాకా పోయింది. మూడో చాలులో కర్రు రాయికి తగిలింది. ఎద్దులు ఆగాయి. నర్సింహ నాగలి ఎత్తి చూశాడు. కొన ఒక పక్కకు కొద్దిగా వంగింది. ఊడలేదు.

"వంగింది" అన్నాడు పటేలు.

"వంగాలె" అన్నాడు వెంకటనారాయణ. "వంగితే కొట్టుకుంటం. ఊడితే ఏం చేస్తం?"

నర్సింహ పదకొండు చాళ్లు దున్ని ఆపాడు.

"బావా, సిగ్గు పోయింది నీ కర్రుకు" అన్నాడు.

పటేలు లింగమూర్తిని పక్కకు పిలిచాడు.

"దసరా దాక చూస్త. కోతల్ల కల్లం కాడికి పిలుస్తనో లేదో అప్పుడు చెప్త."

"ముప్పై ఒకటి అయినయి గదా పటేలా."

"అయినయి. నీ మాట ఒకటి తప్పింది గదా. అది గూడ చూడాలె."

వెంకటనారాయణ కొడుకు పదిహేనో తారీఖున రాలేదు.

జూన్ 20, ఆదివారం సాయంత్రం ఊళ్లో ఒక వార్త వచ్చింది. చేవెళ్ల వైపు ఊళ్లలో తుపాకులతో మనుషులు తిరుగుతున్నారని. ఎవరు చూశారో తేలలేదు. సోమవారం పొద్దున మూడు కుటుంబాలు బండ్లు కట్టుకొని పట్నం వైపు పోయాయి. ఒక బండి బుచ్చమ్మ ఇంటి ముందు ఆగింది. ముసలామెను ఎక్కించుకుంటామన్నారు. దాగలికి జాగా లేదన్నారు. బుచ్చమ్మ రానని చెప్పింది. బండి పోయింది.

ఎనిమిది గంటలకు కనకలక్ష్మి కొడవలి తెచ్చి పళ్లు పెట్టమంది. లింగమూర్తి కొలిమి రాజేశాడు. రుక్కమ్మ తిత్తి పట్టింది. గంపలో రెండు దోసిళ్ల బొగ్గు ఉంది.